వినికిడి లేని పిల్లలకు గ్రహాలు చూపించిన వారం

నేను ఉద్యోగ విరమణ చేయడానికి నాలుగేళ్ల ముందు, నవంబరు మూడో వారంలో, తెనాలి, బాపట్ల, రేపల్లె పర్యటన నాకు పడింది. అప్పటికి ఒక విజ్ఞాన కేంద్రంలో సంచార నక్షత్రశాల విభాగంలో సీనియర్ వ్యాఖ్యాతగా ఉన్నాను. సోమ, మంగళవారాలు తెనాలిలో, బుధవారం బాపట్లలో, గురు, శుక్రవారాలు రేపల్లెలో ప్రదర్శనలు. శనివారం బండి తిరిగి కేంద్రానికి చేరాలి. ఆర్డరులో ఇంతే ఉంది. బాపట్లలో ఇచ్చిన మూడు పాఠశాలల్లో చివరిది వినికిడి లేని పిల్లల పాఠశాల అన్న సంగతి నేను జాబితాలో చదివాను గానీ, దానికోసం వేరుగా ఏదైనా సిద్ధం చేసుకోవాలని నాకు తట్టలేదు.

సంచార నక్షత్రశాల అంటే గుడ్డతో కుట్టిన డోము. మడిస్తే రెండు పెద్ద సంచుల్లో పడుతుంది. బ్లోయరు అనే పెద్ద ఫ్యానుతో గాలి కొడితే పావుగంటలో పన్నెండు అడుగుల ఎత్తు లేస్తుంది. లోపల స్తంభాలు గానీ కమ్మీలు గానీ ఉండవు. గాలే దాన్ని నిలబెడుతుంది కాబట్టి ప్రదర్శన అయ్యేదాకా బ్లోయరు ఆగకూడదు. పిల్లలు చెప్పులు బయట విడిచి, ఒక గుడ్డ గొట్టంలోంచి వంగి లోపలికి వచ్చి, చుట్టూ నేల మీద కూర్చుంటారు. మధ్యలో ప్రొజెక్టరు ఉంటుంది. దాని కటకం చేపకన్నులా ఉబ్బెత్తుగా ఉండి, బొమ్మను గుమ్మటమంతా పరుస్తుంది. విడతకు ముప్పై మంది, ఇరవై అయిదు నిమిషాలు. రోజుకు ఆరేడు విడతలు.

ఒక్కో విడతలో నేను చేసే పని ఏళ్ల తరబడి మారలేదు. ముందు దీపం ఆర్పి ఒక నిమిషం పూర్తి చీకటి. కళ్లు చీకటికి అలవాటు పడితే తప్ప చిన్న నక్షత్రాలు కనిపించవు. తరవాత రికార్డు చేసిన వ్యాఖ్యానం మొదలవుతుంది. సూర్యుడి దగ్గర బయలుదేరి ఎనిమిది గ్రహాలను వరసగా చూపిస్తూ, మధ్యమధ్య వాటి చంద్రులను చూపిస్తూ నెప్ట్యూన్ దాకా వెళ్లి ఆగుతుంది. చివర్లో ప్రశ్నలు. తెనాలిలో ఒక ఎనిమిదో తరగతి అబ్బాయి లేచి, తన దగ్గరున్న పుస్తకంలో ఎక్కువ చంద్రులు గురుడికే అని ఉందని, మేమేమో శనికి అంటున్నామని అడిగాడు. పుస్తకం అచ్చయిన నాటికి అది నిజమేనని, కొత్త పరికరాలతో చిన్నచిన్నవి బయటపడుతున్న కొద్దీ లెక్క మారుతోందని, ఇప్పటికైతే శని ముందుందని చెప్పాను. ఇలాంటి ప్రశ్నలు వస్తే నాకు ఉత్సాహంగా ఉండేది. తెనాలి రెండు రోజులూ సాఫీగా సాగిపోయాయి.

నాతోపాటు ఉన్నది మస్తాన్ ఒక్కడే. బండి నడిపేదీ, డోము లేపేదీ, తీగలు చూసుకునేదీ అతనే. ఉద్యోగ పత్రాల్లో డ్రైవర్-కమ్-టెక్నీషియన్. తెనాలి మనిషి. పన్నెండేళ్లుగా నా వ్యాఖ్యానం వింటున్నవాడు కావడంతో నేనెక్కడ తడబడినా అతనికి తెలిసిపోయేది.

బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు బాపట్లలో ఆ పాఠశాల భోజనాల హాల్లో డోము లేపాం. ప్రధానోపాధ్యాయుడు పెద్దవయసు మనిషి, మర్యాదస్తుడు. పిల్లలకు సైగల్లో చెప్పడానికి సులోచన అనే ఉపాధ్యాయినిని మాకు అప్పగించారు. ఆవిడ పదహారేళ్లుగా అక్కడే పనిచేస్తున్నారు. ఇరవై ఎనిమిది మంది పిల్లలు గొట్టంలోంచి లోపలికి వచ్చారు. వాళ్లలో కొందరు డోము గుడ్డకు అరచెయ్యి ఆనించి నవ్వుకున్నారు. బ్లోయరు అదురు గుడ్డలో తెలుస్తోందని సులోచన గారు చెప్పారు. నేను తల ఊపి, ఎప్పటిలాగే దీపం ఆర్పేశాను.

అర నిమిషం కూడా కాలేదు. ఎవరో గట్టిగా ఏడుపు మొదలెట్టారు. ఇంకెవరో లేచి గుడ్డ గోడ మీద పడ్డారు. పడినవైపు డోము బయటికి ఉబ్బిపోయింది. దాంతో మరో నలుగురు లేచారు. నేను మైకులో "కూర్చోండి, భయం లేదు" అంటున్నాను. ఎవరికి చెబుతున్నానో నాకు తోచలేదు. బయటినుంచి మస్తాన్ గట్టిగా, "సార్, లైటు వెయ్యండి, లైటు" అన్నాడు. వేశాను. మల్లిక అనే మూడో తరగతి పాప సులోచన గారి చీర కుచ్చిళ్లు రెండు చేతులతో పట్టుకుని వణికిపోతోంది. దెబ్బలు ఎవరికీ తగల్లేదు. కానీ పిల్లలందరూ గొట్టం వైపే చూస్తున్నారు. బయటికి పంపించేశాం.

ప్రదర్శన అయ్యాక పాఠశాల పెద్ద ఒక ధ్రువపత్రం మీద సంతకం పెట్టాలి. అది ఉంటేనే మా లెక్కలో ఆ విడత జరిగినట్టు. ప్రధానోపాధ్యాయుడు నేను అడక్కుండానే కలం తీశారు.

"పర్లేదండి. మీరు వచ్చారు, అదే మాకు సంతోషం. జరిగిందనే రాసేస్తాను."

ఆ కాగితం తీసుకుని బండి ఎక్కేస్తే నన్ను అడిగేవాళ్లు లేరు. అలా ఎక్కేయాలని నాకు అనిపించిందని కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. అప్పుడే సులోచన గారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ఆవిడ గొంతులో కోపం లేదు.

"సార్, ఒక మాట చెప్పనా అండి. వెలుతురు ఉన్నంతసేపే మా పిల్లలకు మాట ఉంటుంది. నా చేతులు కనపడకపోతే నేను వాళ్లకు ఏమీ చెప్పలేను, వాళ్లు నాకేమీ చెప్పలేరు. చీకటి చేస్తున్నానని మీరు ముందే నాతో అనుంటే వాళ్లకు చెప్పి ఉంచేదాన్ని. తప్పు నాది కూడానండి. నేనూ అడగలేదు."

పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో నా ప్రదర్శన గురించి అంత ముఖ్యమైన మాట నాతో ఎవరూ అనలేదు. సంతకం వద్దని ప్రధానోపాధ్యాయుడికి చెప్పాను. సాయంత్రం అయిదింటిదాకా తొమ్మిదో తరగతి గదిలో కూర్చోవచ్చా అని సులోచన గారిని అడిగాను. సౌరకుటుంబం పాఠం వాళ్లకు ఎలా చెబుతారో చూడాలనుకున్నాను.

పాఠం ఆగిపోయింది గ్రహాల పేర్ల దగ్గరే. భూమికి, సూర్యుడికి, చంద్రుడికి వాళ్లకు సైగలు ఉన్నాయి. మిగిలినవాటికి ఆ తరగతిలో సైగలు లేవు. పేరును ఒక్కో అక్షరంగా వేళ్లతో చూపిస్తున్నారు. అలా చూపిస్తే పేరు తెలుస్తుంది గానీ ఆ గ్రహం ఎలాంటిదో తెలియదు. సులోచన గారు మరో సంగతి కూడా దాచకుండా చెప్పారు.

"చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడని పుస్తకంలో ఉందండి. అలాగే తన చుట్టూ తాను తిరుగుతాడనీ ఉంది. రెండూ ఎలా కుదురుతాయో నాకే అర్థం కాలేదు. పిల్లలకు ఏం చెప్పను?"

నేను మా వ్యాఖ్యానంలో ఉన్న వాక్యమే చెప్పాను. చంద్రుడు భూమి చుట్టూ ఒకసారి తిరగడానికి, తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి పట్టే కాలం ఒకటే, సుమారు ఇరవై ఏడు రోజులు, అందుకే ఒకవైపే కనిపిస్తుంది అని. ఆవిడ దాన్ని సైగల్లోకి మార్చారు. పిల్లలు మర్యాదగా తలలు ఊపారు. ఎవరికీ ఎక్కలేదని వాళ్ల ముఖాలు చూస్తేనే తెలిసింది.

అప్పుడు రెండో వరసలోంచి కోటేశ్వరి అనే అమ్మాయి లేచింది. చీరాల దగ్గర నేతపని చేసే కుటుంబం వాళ్లది. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సులోచన గారిని కుర్చీలో కూర్చోబెట్టి, మీరు భూమి అని చూపించింది. తను ఆవిడ ముఖం వైపే చూస్తూ, పక్క అడుగులు వేస్తూ ఆ కుర్చీ చుట్టూ నడవడం మొదలుపెట్టింది. ఒక అబ్బాయి వెంటనే అడ్డుపడ్డాడు. నువ్వు మేడమ్‌నే చూస్తున్నావు, తిరగడం లేదు అని అతని సైగ. నాకూ క్షణంపాటు అతనే నిజం చెబుతున్నట్టు అనిపించింది.

కోటేశ్వరి అతన్ని ఆగమంది. మొదట నిలబడ్డ చోటికి వెళ్లి, తన వీపు వెనక ఏముందో చూపించింది. కిటికీ. పావు చుట్టు నడిచి ఆగింది. ఇప్పుడు వీపు వెనక నల్లబల్ల. ఇంకో పావు చుట్టుకు తలుపు. ఆ తరవాత పుస్తకాల బీరువా. మళ్లీ మొదటికి వచ్చేసరికి కిటికీ. మేడమ్‌కు మాత్రం మొదట్నుంచీ తన ముఖమే కనిపించింది. తను గది మొత్తం ఒకసారి తిరిగిందా లేదా అని ఆ అబ్బాయిని అడిగింది. అతను లేచి, తనే చంద్రుడై ఒక చుట్టు తిరిగి చూసుకుని, ఒప్పుకుని కూర్చున్నాడు.

సులోచన గారు నావైపు తిరిగి, "ఇప్పుడు అర్థమైందండి నాకు" అన్నారు.

ఆ వాక్యాన్ని నేను ఎన్ని వేలసార్లు చెప్పి ఉంటానో లెక్క లేదు. విన్నవాళ్లకు అర్థమైందనే అనుకున్నాను. పిల్లలు తల ఊపితే చాలనుకున్నాను.

ఆ సాయంత్రం మిగతా గ్రహాలకు సైగలు కట్టుకోవడంతో గడిచింది. పేర్లను బట్టి కాకుండా, అవి చేసే పనిని బట్టి కట్టాలని కోటేశ్వరి పట్టుబట్టింది. ఒక్కో గ్రహం గురించి నేను ఒకటి రెండు సంగతులు చెప్పడం, వాళ్లు చర్చించుకోవడం. బుధుడికి సూర్యుడి చుట్టూ ఒక చుట్టు ఎనభై ఎనిమిది రోజులే కాబట్టి చూపుడువేలు పిడికిలి చుట్టూ గబగబా తిరిగింది. శుక్రుడికి దట్టమైన మేఘం, దాని కింద పొయ్యిలాంటి వేడి. పిడికిలిని మరో చెయ్యి కప్పేసి, కప్పిన చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కుంటుంది. అంగారకుడికి ఎరుపు. శనికి పిడికిలి చుట్టూ వలయం. యురేనస్ పక్కకు పడిపోయి దొర్లుతున్నట్టు తిరుగుతుందని చెబితే, పిడికిలిని పడుకోబెట్టి బల్ల మీద దొర్లించారు. నెప్ట్యూన్‌కు చెయ్యి చాచగలిగినంత దూరం చాచి, మెల్లగా కదపడం. ఒక్క చుట్టుకు దానికి నూట అరవై అయిదేళ్లు పడుతుంది మరి. గురుడికి నేనొక సైగ సూచించాను. రెండు చేతులూ వెడల్పుగా చాపి, పెద్దది అని చూపించాను. అది బీరువాకు కూడా సరిపోతుందని ఒకమ్మాయి కొట్టిపారేసింది. చివరికి పెద్ద గుండ్రం చూపించి అందులో ఒక మచ్చ పెట్టారు. గురుడి మీద భూమికన్నా పెద్దదైన తుపాను మచ్చ ఉందని నేనే చెప్పాను, నాకే ఆ సైగ తట్టలేదు.

మా విభాగాధికారికి ఫోన్ చేసి, శనివారం ఉదయం బాపట్లలో ఒక విడత మళ్లీ వేస్తానని అడిగాను. కార్యక్రమపత్రంలో లేని విడతకు అనుమతి ఇవ్వడం ఆయనకు అలవాటు లేదు. బుధవారం ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన, "సాయంత్రానికి బండి ఇక్కడ ఉండాలి. జరిగింది రాతపూర్వకంగా ఇవ్వండి, రెండుసార్లదీ" అన్నారు.

గురు, శుక్రవారాలు రేపల్లెలో మామూలు ప్రదర్శనలు చేస్తూనే శనివారానికి ఏర్పాట్లు చేసుకున్నాం. మస్తాన్ ఒక టేబుల్ లైటుకు ఎర్ర రంగు కాగితం చుట్టి, వెలుతురు తగ్గించే మీట బిగించాడు. ఎర్ర వెలుతురు చీకటికి అలవాటు పడ్డ కళ్లను పెద్దగా చెడగొట్టదు. ఆకాశాన్ని చూసేవాళ్లు ఎర్ర టార్చి వాడేది అందుకే. ఆ దీపం సులోచన గారి చేతుల మీద మాత్రమే పడాలి, గుమ్మటం మీద పడకూడదు. అట్టముక్కలతో గూడు కట్టి మూడుసార్లు మార్చాడు.

శుక్రవారం చివరి విడతలో ఇంకో ప్రయత్నం చేశాం. రేపల్లె పిల్లలకు చెవులు బాగానే వినిపిస్తాయి. అయినా రికార్డు ఆపేసి, దీపం వేసి ఒక సంగతి చెప్పి, తరవాత చీకటి చేసి, నోరు మూసుకుని, అది మాత్రమే చూపించాను. గురుడి నాలుగు పెద్ద చంద్రుల దగ్గర ఇలాగే ఆగాను. ఒకదాని మీద అగ్నిపర్వతాలు, ఇంకోదాని మీద మంచు, దాని అడుగున సముద్రం ఉందని శాస్త్రజ్ఞుల నమ్మకం, మూడోది బుధగ్రహం కన్నా పెద్దది, నాలుగోది ఒళ్లంతా గుంటలు. చీకటి పడగానే పిల్లలు వాటిని వేళ్లతో చూపించుకుంటూ వాళ్లలో వాళ్లే చెప్పుకోవడం మొదలెట్టారు. దీపం వెయ్యగానే పది చేతులు లేచాయి.

బయటికి వచ్చాక మస్తాన్ అన్నాడు. "సార్, ఏమీ అనుకోవద్దు. ఇన్నాళ్లూ మీ క్యాసెట్టు ఆగితే ఎప్పుడెప్పుడు బయటికి పోదామా అన్నట్టుండేవాళ్లు. ఇవాళ కదల్లేదు."

శనివారం పొద్దున్నే చెరుకుపల్లి మీదుగా బాపట్ల చేరి, తొమ్మిదికల్లా డోము లేపాం. ఈసారి ముందు తరగతిగదిలో, తలుపులు తీసి ఉన్నప్పుడే, చీకటి ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు ఉంటుందో సులోచన గారు చెప్పారు. చీకటికి ముందు మొదటివాళ్లు పక్కవాళ్ల భుజం తడతారు, అది వరస చివరికి చేరాకే దీపం ఆరుతుంది. చుట్టూ కాకుండా అందరూ ఒకేవైపు ముఖం పెట్టి, ఆవిడ చేతులు కనిపించేలా కూర్చోవాలి. సగం మందినే తీసుకుని రెండు విడతలుగా వెయ్యాలని కూడా ఆవిడే అన్నారు.

మల్లిక మాత్రం గొట్టం దగ్గర ఆగిపోయింది. లోపలికి రమ్మని కోటేశ్వరి ఎంత పిలిచినా రాలేదు. డోములోకి టార్చి తీసుకెళ్లకూడదన్నది మా నిబంధనల్లో మొదటిది. నా జేబులోని చిన్న టార్చి తీసి ఆ పాప చేతిలో పెట్టాను. నొక్కి చూసింది, వెలిగింది. ఆర్పి చూసింది. తరవాత వంగి లోపలికి వెళ్లింది.

భుజాలు తట్టుకోవడం వరస చివరికి చేరింది. దీపం మెల్లగా తగ్గించాను. ఎర్ర వెలుతురులో సులోచన గారి రెండు చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ చేతులు శని అన్నాయి, ఆగాయి. గుమ్మటం మీద శని వలయాలతో సహా లేచింది. నేను ఏమీ మాట్లాడలేదు. ఎవరూ ఏడవలేదు. ఎర్ర వెలుతురు అంచుకు చేతులు చాపి పిల్లలు పక్కవాళ్లతో చెప్పుకోవడం నాకు కనిపించింది. మల్లిక రెండుసార్లు టార్చి వేసింది. రెండుసార్లూ సులోచన గారి ముఖం చూసుకుని తనే ఆర్పేసింది.

చంద్రుడి దగ్గర దీపం వేసినప్పుడు, అక్కడ గాలి లేదని, గాలి లేనిచోట శబ్దం ప్రయాణించదని చెప్పాను. కోటేశ్వరి చెయ్యి ఎత్తింది. ఆ అమ్మాయి ప్రశ్నను సులోచన గారు చదివి వినిపించారు. "మీరు అక్కడికి వెళ్లి మాట్లాడితే పక్కవాళ్లకు వినపడదా అంటోందండి."

వినపడదన్నాను. వ్యోమగాములు రేడియోలో మాట్లాడుకుంటారని కూడా చెప్పాను.

"రేడియో చెడిపోతే అంటోంది."

అప్పుడు చేతులతోనే చెప్పుకోవాలన్నాను. సులోచన గారు అది సైగ చేసేలోపే ఆ అమ్మాయి నా పెదవులు చూసి గ్రహించింది. మిగతావాళ్లకు తనే చెప్పింది. డోము అదిరేలా నవ్వారు. శని చంద్రుల్లో ఒకటైన టైటాన్ మీద మాత్రం చిక్కటి గాలి ఉంది, అక్కడ శబ్దం ఉంటుంది అని నేను చెప్పబోతే, తరవాత చెప్పమని పిల్లలే సైగ చేశారు.

రెండో విడత అయ్యాక ప్రధానోపాధ్యాయుడు ధ్రువపత్రం మీద సంతకం పెట్టారు. బుధవారంది విఫలమని, శనివారంవి రెండూ జరిగాయని నేను నివేదిక ఇచ్చాను. విభాగాధికారి నాలుగు ప్రశ్నలు రాసి వెనక్కి పంపారు. జవాబులు చూసి, నన్నే కొత్త ప్రదర్శనా విధానం రాయమన్నారు. ఆ ఏడాది చివరికి మా వ్యాఖ్యానంలో సగానికి పైగా మాటలు తీసేశాం. వినికిడి లేని పిల్లల పాఠశాలలకు ఎర్ర దీపం, ముందురోజు తరగతిగదిలో ఒక గంట తప్పనిసరి అయ్యాయి. వ్యాఖ్యానం కోసం నేను రాసుకున్న వాక్యాలు కొన్ని పోయినందుకు మొదట కాస్త బాధపడ్డాను. ఆరు నెలలకు అవి నాకే గుర్తు లేవు.

కోటేశ్వరి పదో తరగతి పాసైంది. తరవాత సైగభాష బోధనలో శిక్షణకు వెళ్లింది. పోయిన వేసవిలో సులోచన గారు నాకు వీడియో కాల్ చేసి, ఫోను ఆ అమ్మాయి వైపు తిప్పారు. బాపట్లలో ఆ రోజు కట్టుకున్న సైగల్లో రెండింటిని వేరే ఊరి పిల్లలు మార్చేశారట. యురేనస్‌కు వాళ్లది ఇంకా బాగుందని ఆమె చూపించింది. నాకు అర్థమయ్యేదాకా మూడుసార్లు చూపించింది.

ఈ పనిలోకి వచ్చే కొత్త వ్యాఖ్యాతలు నన్ను సలహా అడిగితే మూడు సంగతులు చెబుతుంటాను. ఎదుటివాళ్లకు మాట ఏ దారిన చేరుతుందో డోము లేపకముందే అడిగి తెలుసుకోవాలి. చెప్పేటప్పుడు చెప్పాలి, చూపించేటప్పుడు చూడనివ్వాలి. రెండూ కలిపితే రెండూ పోతాయి, చెవులు బాగా వినిపించే వాళ్లకైనా సరే. పిల్లలు తల ఊపితే అర్థమైనట్టు కాదు. వాళ్లలో ఒకరిని లేపి, చంద్రుడిలా ఒక చుట్టు నడిచి చూపించమనాలి.